తెల్ల లివర్

ఆదివారం పూజ నుంచి వచ్చి
చెప్పులిడవక ముందే జెసింత ఏడుపు.
"తాతా, నా పేరు ఖరాబైంది."

హన్మకొండ చౌరస్తాల ఎనిమిది వేలకు కొన్న
పాత ల్యాప్‌టాప్.
జె ఒత్తితే ఒకటి పడుతున్నది.
ఐ ఒత్తితే ఐదు.
తొమ్మిదేండ్ల పిల్ల పేరు
గూడ్సు డబ్బా మీద సున్నంతో గీకిన నంబరు తీరుగ
తెర మీద నిలబడ్డది.

దుకాణపాయనకు ఫోన్ చేస్తే
కీబోర్డే మార్చాలె, పద్దెనిమిది వందలన్నడు.
వాళ్లమ్మ ఫిలోమిన ఎంజీఎంల నైట్ డ్యూటీ చేసొచ్చి
పండుకున్నది. లేపబుద్ధి కాలే.

నాకు ఇంగ్లిషు అంతంతే.
అయితే ఏంది, ముప్పై రెండేండ్లు
కాజీపేట ఉత్తరం క్యాబిన్ల
నలభై నాలుగు లివర్ల ముందు నిలబడ్డోణ్ని.
వరుసగ నిలబెట్టినవి ఏవైనా సరే
నాతోని కొంచెం మాట్లాడుతయి.

"ఇది ఒత్తు" అన్న. షిఫ్ట్.
ఏం కాలే.
కంట్రోల్. ఏం కాలే.
ఆల్ట్.
"అన్నీ చచ్చినయ్ తాతా!"

చావలే బిడ్డా.
ఇవి ఒంటిగ పని చేసే జాతి కాదు.
మా దగ్గర పదకొండు లాగితేనే
పన్నెండు కదులుతుండె.
ఉత్త పదకొండు లాగి చూసినోడు
ఏం కాలేదనే అనుకుంటడు.
మెట్ల కింద, చీకట్ల,
ఒక తాళం ఊడిన చప్పుడు వానికి ఇనబడదు.

షిఫ్ట్ పట్టుకొని ఏ కొట్టింది. పెద్ద ఏ.
ఇడిచి కొట్టింది. చిన్న ఏ.
ముక్కు తుడుసుకున్నది.

క్యాప్స్ లాక్‌ను పట్టుకునే పని లేదు.
ఒక్కసారి ఒత్తితే లాగి పెట్టిన లివరే అది,
మళ్ల ఒత్తిందాంక అట్లనే ఉంటది.
దాని పేరు మీద ఓ చిన్న దీపం వెలిగింది.
అప్పుడు చూసిన:
పక్కన ఇంకో దీపం,
పొద్దటిసంది వెలుగుతనే ఉన్నది.
ఎవరూ పట్టించుకోలే.

ఏ దీపమైనా ఊకెనే వెలుగదు.
ఎక్కడనో ఏదో లాగి మర్సిపోయిన్రు.

అద్దాలు సదురుకొని వంగిన.
జె మూలకు, చీమ తలకాయంత, నీలం రంగు ఒకటి.
ఐ మూలకు నీలం ఐదు.
మా దగ్గర ఎర్రది సిగ్నలు, నల్లది పాయింట్లు,
నీలం లివరంటే తాళం.
ఎడమ దిక్కు కింద ఎఫ్‌ఎన్, అదీ నీలమే.
కుడి దిక్కు మీద నమ్‌లాక్, నీలమే.

"నువ్వు అది పట్టు. నేను ఇది ఒత్తుత."
ఒక ముసలి వేలు, ఒక బిస్కెట్ పొడి అంటిన వేలు.
దీపం ఆరింది.

జె అంటే జె పడ్డది.
ఐ కూడ తన జాగకు తాను వచ్చింది.
ఏడుసార్లు కొట్టుకున్నది దాని పేరు,
ఎనిమిదోసారి మధ్యల ఆపి
బ్యాక్‌స్పేస్‌తోని ఒక్కొక్క అక్షరం ఎనకకు తోలింది,
షంటింగ్ ఇంజన్ లెక్క,
చప్పుడు నోటితోనే చేసుకుంట.

"మరి గిదేంది?" స్క్రోల్ లాక్.
ఒత్తింది. ఏం కాలే.
షిఫ్ట్‌తోని, కంట్రోల్‌తోని, నీలం దానితోని.
ఊహూ.

మా క్యాబిన్ల ఇరవై ఏడో నంబరు ఇట్లనే.
తెల్ల రంగు. ఏ తీగకూ కట్టలే,
ఏ పట్టానూ కదపలే.
నేను చేరిననాడే తెల్లగుండె,
దిగినొచ్చిననాడూ తెల్లగనే ఉన్నది.
రోజూ దానికీ నూనె పెట్టేటోణ్ని.

"ఎందుకు?"
జవాబు తడుముకుంటున్న.
అదేమో నా చెయ్యి దిక్కు చూసి నవ్వవట్టె.

చూసుకుంటే, ఎప్పుడు తీసిన్నో ఏమో,
చేతిల రుమాలు.
ఇందాకటిసంది ప్రతి మీటా
గుడ్డ అడ్డం పెట్టే ఒత్తుతున్న.
చెమట తగిలితే తుప్పు పడతదని.

"తాతా, ఇది ప్లాస్టిక్."